చెన్నపట్టణపు నగరపాలనము – మేము చూచిన విశేషములు

మదరాసు దక్కకపోవడం వలన రాజధాని అయిన ఊరు మాది. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి ఇంట నిరాహారదీక్షలో ప్రాణాలు విడిచారు. ఆంధ్ర రాష్ట్రం వచ్చినది కాని చెన్నపట్టణం అందులోకి రాలేదు. 1953 అక్టోబరు 1 నుండి మూడేళ్ళపాటు కర్నూలు రాజధానిగా ఉన్నది. కార్యాలయాలకు భవనాలు చాలక డేరాలు వేశారని పెద్దలు చెప్పగా విన్నాము. అందుచేత చెన్నపట్టణమంటే కర్నూలు విద్యార్థులకు ఆసక్తితో పాటు కాస్త అలుక కూడా ఉండడం వింత కాదు.

ఈ సంవత్సరం రాజనీతిశాస్త్రం, ఉర్దూ, తెలుగు శాఖలకు చెందిన విద్యార్థులము ఇరవై ముగ్గురము ముగ్గురు అధ్యాపకుల వెంట ఆ నగరానికి విజ్ఞానయాత్ర చేశాము. కళాశాల కమిటీ వారు దయతో సగం ఖర్చు భరించి ఒక నియమం కూడా పెట్టారు: సముద్రమూ, జంతుప్రదర్శనశాలా చూచి తిరిగి రాకూడదు, పాఠ్యాంశంతో సంబంధం ఉన్న దానిని చూచి రావలెను. మా పాఠ్యాంశం స్థానిక స్వపరిపాలన. భారతదేశంలో అన్నింటికంటె పాతదైన నగరపాలక సంస్థ చెన్నపట్టణానిదే గనుక మా పని తేలికయినది. ఒక నగరపు కార్పొరేషనును దర్శనీయ స్థలంగా ఎంచుకొని బయలుదేరిన విహారయాత్ర మాదొక్కటే అయి ఉంటుందని తోటివారు ఎగతాళి చేశారు. రాత్రి రైలెక్కి మరునాటి ఉదయం ఎగ్మూరులో దిగాము.

బసలో కుళాయి తిప్పగానే మా జిల్లా నీరు గుర్తుకు వచ్చినది. ఇది అతిశయోక్తి కాదు. 1983లో ఎన్.టి. రామారావుగారి, ఎం.జి. రామచంద్రన్‌గారి ప్రభుత్వాలు చేసుకొన్న ఒప్పందం ప్రకారం కృష్ణానది నీరు శ్రీశైలం జలాశయం నుండి పోతిరెడ్డిపాడు తూముల గుండా బయలుదేరి వెలుగోడు, సోమశిల, కండలేరు దాటి పూండి చెరువుకు చేరుతుంది. పోతిరెడ్డిపాడు 2022 వరకు మా కర్నూలు జిల్లాలోనిదే, తరువాత నంద్యాల జిల్లాలోకి పోయినది. ఆ నీరు మొదటిసారి పూండి చేరినది 1996లో. తెలుగుగంగ అనే పేరు పాఠంలో చదువుకోవడం వేరు, అంత దూరం పోయి ఆ నీటితో ముఖం కడుక్కోవడం వేరు. అయితే పూండి నీటిని వీధికుళాయి దాకా తెచ్చి, మురికిని తిరిగి తీసుకుపోయే బాధ్యత ఒప్పందాలపై సంతకాలు చేసిన పెద్దలది కాదు. అది ఊరిది. ఊరి బాధ్యత ఎవరు వహించారనేదే మేము తెలిసికొనదలచిన సంగతి.

ఈ నగరపు పుట్టుకలో తెలుగువారి చేయి ఉన్నది. 1639 ఆగస్టులో ఇంగ్లీషు కంపెనీకి సముద్రతీరపు ఇసుకనేల మీద కోట కట్టుకొనే అనుమతి ఇచ్చినది దామెర్ల వెంకటాద్రి నాయకుడు. తండ్రి చెన్నప్ప నాయకుని పేరిట చెన్నపట్టణమనే పేరు నిలిచినది. మరుసటి ఏడు సెయింట్ జార్జి కోట పని మొదలయినది. ఆ కోటలోనే ఇప్పుడు తమిళనాడు శాసనసభ, సచివాలయం ఉన్నవి. 1680లో కట్టిన సెయింట్ మేరీ చర్చి కూడా లోపలనే ఉన్నది.

కోట వెలుపల నేతగాండ్రు, వర్తకులు చేరి ఊరు పెరిగినది. ఊరు పెరిగితే చెత్త పెరుగుతుంది. 1678లో గవర్నరైన స్ట్రైన్‌షాం మాస్టరు వీధులు ఊడ్పించడానికి ఇంటిపన్ను వేశాడు. జనం విసుగుకొన్నారు. పదేళ్ళ తరువాత లండనులోని కంపెనీ పెద్ద జోసయా చైల్డు మరొక ఉపాయం ఆలోచించాడు. కంపెనీ అధికారంతో అడిగితే ఆరు పెన్నీలు ఇవ్వడానికి గొణిగే జనం, తమవంటివారే కూర్చొని విధిస్తే ఊరి మేలు కోసం అయిదు షిల్లింగులైనా ఇస్తారని అతని లెక్క. ఆ లెక్క మీదనే 1688 సెప్టెంబరు 29న మదరాసు కార్పొరేషను వెలసినది. నథానియల్ హిగిన్‌సన్ మొదటి మేయరు. పన్నెండుగురు ఆల్డర్మన్లలో ఇంగ్లీషువారితో పాటు పోర్చుగీసు, యూదు వర్తకులూ, చిన్న వెంకటాద్రి, ముద్దు వీరన్న, అళగత్త పిళ్ళై అనే మనవారూ ఉన్నారు. ఒకే బల్ల చుట్టూ ఇన్ని మతాలవారు కూర్చున్నారని మురిసిపోవచ్చును. మేము కూడా మొదట మురిశాము. మా అధ్యాపకులు మాత్రం, "వాళ్ళను పిలిచినది మాట్లాడడానికా, వసూలు చేయడానికా, ఆలోచించండి" అన్నారు. ఆ వసూలు కూడా సాగలేదు. తమను అడగకుండా ఏర్పాటైన సభ వేసిన పన్నును జనం ఇవ్వలేదు. పన్ను రాబడితో కడతామన్న పురమందిరం, పాఠశాల కాగితం మీదనే నిలిచిపోయినవి. స్వపరిపాలన అనే మాట మన దేశానికి వసూలు ఉపాయంగా వచ్చినదన్నమాట. దానిని స్వపరిపాలనగా మార్చినది తరువాతి వారు.

రిప్పన్ భవనం సెంట్రల్ స్టేషనుకు కూతవేటు దూరంలో, పాలరాతితో కట్టినదేమో అనిపించే తెల్లదనంతో ఉన్నది. 1913లో ప్రారంభమయినది. మధ్య గడియారపు గోపురం 43 మీటర్ల ఎత్తు. స్థానిక సంస్థలలో ఎన్నికైన ప్రజలు కూర్చోవలెనని 1882లో తీర్మానం చేసిన లార్డ్ రిప్పన్ పేరు దానికి పెట్టారు. ప్రక్కనే ఎర్రరంగు విక్టోరియా పబ్లిక్ హాలు. దాని శంకుస్థాపన 1883లో విజయనగరం మహారాజు ఆనంద గజపతిరాజుగారి చేతుల మీదుగా జరిగినది. వాస్తుశిల్పాన్ని గూర్చి మిత్రులు కొందరు చాలా వ్రాసుకొన్నారు. మాకు మాత్రం ఆ ఉదయం భవనం కంటె భవనం ముందటి కాలిబాట ఎక్కువ పాఠం చెప్పినది.

ఆరున్నర గంటల వేళ అక్కడ ఊడుస్తున్న ఒక నడివయసు స్త్రీ, మా మాటలు విని చీపురు ఆపి తెలుగులో పలకరించినది.

"ఏ ఊరు నాయనా మీది?"

"కర్నూలమ్మా."

"మా వాళ్ళు గూడా అట్నించి వచ్చినోళ్ళే. నెల్లూరు దిక్కు. మా జేజి చిన్నబిడ్డగా ఉన్నప్పుడు తోలుకొచ్చినారంట. నేను ఆ ఊరు చూళ్ళేదు."

చెన్నపట్టణపు పారిశుద్ధ్య కార్మికులలో ఇట్లా తరతరాల క్రితం తెలుగు జిల్లాల నుండి వలసపోయిన దళిత కుటుంబాలవారు చాలామంది ఉన్నారు. ఇండ్లలో తెలుగు, వీధిలో తమిళం. 2025 ఆగస్టులో రాయపురం, తిరు.వి.క. నగర్ మండలాల చెత్తపనిని ప్రైవేటు సంస్థకు అప్పగించడాన్ని వ్యతిరేకిస్తూ వందలాది కార్మికులు, ఎక్కువమంది స్త్రీలు, ఇదే కాలిబాట మీద పదమూడు రోజులు కూర్చున్నారు. ఆగస్టు 13 రాత్రి పోలీసులు వారిని అక్కడి నుండి తొలగించారు. మాలో ఒకరు సంకోచంతో, "మీరు కూడా కూర్చున్నారా అమ్మా?" అని అడిగారు.

"ఈడనే. పదమూడు దినాలూ" అని చీపురు కొసతో ఒక చోటు చూపించినది. ఫిర్యాదుగా కాదు, తన ఇంటి గడప చూపినట్లుగా. తరువాత మమ్మల్ని చదువుకొని ఏమి కాదలచుకొన్నారని అడిగినది. మా మిత్రుడొకడు, "మునిసిపల్ కమిషనరు" అన్నాడు. ఆమె నవ్వి, "అట్లయితే అయినాక రా నాయనా. అప్పుడు చెప్తా మా సంగతి" అని బండి త్రోసుకొంటూ వెళ్ళిపోయినది. లోపలికి వెళ్ళి సభామందిరం చూచి, చిత్రపటాల క్రింది పేర్లు వ్రాసుకొన్నాము. ఆ పేర్లలో ఆమెను గూర్చి చెప్పగలిగినవి ఎన్ని?

ఒకటి మాత్రం తప్పక ఉన్నది. 2022 మార్చిలో ఆర్. ప్రియ అనే ఇరవై ఎనిమిదేళ్ళ యువతి మేయరుగా ఎన్నికయినది. 1957లో తారా చెరియన్, 1971లో కామాక్షి జయరామన్ తరువాత ఆ పీఠమెక్కిన మూడవ మహిళ, తొలి దళిత మహిళ. మా తరగతిలోని అమ్మాయిలు ఆ సంగతిని రెండుసార్లు చెప్పించుకొన్నారు.

భవనం ముందర సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారి విగ్రహం ఉన్నది. తెలుగు మాట్లాడే దేవాంగుల కుటుంబంలో 1852లో జన్మించి, నలభై ఏళ్ళు కార్పొరేషను సభ్యులుగా ఉండి, దానికి ఎన్నికైన తొలి అధ్యక్షులైన మహనీయుడు. జస్టిస్ పార్టీ స్థాపకులలో ఒకరు. 1920 ఎన్నికల తరువాత ప్రథమమంత్రి పదవి తనంత తాను వస్తే వద్దని వేరొకరికి విడిచిపెట్టాడు. చీరలకు, నగలకు పేరుపడిన టి. నగర్ పూర్తి పేరు త్యాగరాయ నగర్ అని అక్కడ బేరాలాడే మనవారిలో ఎందరికి తెలుసునో. ఆ పేటలోని పానగల్ పార్కు కూడా మరొక తెలుగువాని పేరిటదే. ఆయన పానుగంటి రామరాయణింగారు, పానగల్ రాజా, 1921 నుండి 1926 వరకు మదరాసు రాష్ట్ర ప్రథమమంత్రి.

అయితే త్యాగరాయ చెట్టిగారి నిజమైన జ్ఞాపకచిహ్నం విగ్రహమూ కాదు, పేటా కాదు. థౌజండ్ లైట్స్ అనే ప్రాంతం ఉన్నది. ఒకప్పుడు అక్కడి సమావేశ మందిరంలో వేయి దీపాలు వెలిగించేవారట, దానిని బట్టి మసీదుకూ, పేటకూ ఆ పేరు వచ్చినది. అక్కడి కార్పొరేషను పాఠశాలలో పేదపిల్లలు ఆకలితో బడి మానుతున్నారని గ్రహించి, వారికి మధ్యాహ్నం ఒక పూట ఆహారం పెట్టవలెనని 1920 సెప్టెంబరులో కౌన్సిలు తీర్మానించినది. తలకు రోజుకు ఒక అణా మించరాదు. బడిలో పిల్లలు పెరిగారు. పథకం మరి నాలుగు పాఠశాలలకు పాకినది. ఇంతలో ప్రాథమిక విద్యానిధి నుండి తిండికి ఖర్చు చేయరాదని ప్రభుత్వం అడ్డుచెప్పగా 1925లో నిలిచిపోయినది. త్యాగరాయ చెట్టిగారు కాలం చేసినది కూడ ఆ ఏడే. తరువాత 1956లో కామరాజుగారు ఆ పనిని రాష్ట్రమంతటికీ ఎత్తుకొన్నారు. 1982లో ఎం.జి.ఆర్. విస్తరింపజేశారు. 1995లో జాతీయ పథకం వచ్చినది. 2003లో మన ఆంధ్రప్రదేశ్ బడులలో వండిన అన్నం వడ్డించడం మొదలయినది. ఢిల్లీలో పుట్టి క్రిందికి దిగే పథకాలను గూర్చి మనకు చాలా తెలుసు. ఒక వార్డు బడిలో పుట్టి ఢిల్లీ దాకా ఎక్కిన పథకం ఇది. మా పాఠ్యపుస్తకంలోని స్థానిక సంస్థల అధ్యాయంలో దీనికొక వాక్యమైనా ఇవ్వకపోవడం అన్యాయమని మా అభిప్రాయం.

మాతో వచ్చిన ఒక మిత్రుని తల్లి మా జిల్లాలో ఒక పల్లెబడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. బిల్లులు ఆలస్యమయిన నెలలలో అంగట్లో అరువు తెచ్చి పొయ్యి వెలిగించిన సంగతి అతడు మాకెన్నడూ చెప్పలేదు. ఆ బడి ఉన్న పేటలో రోడ్డు ప్రక్కన నిలబడి మొదటిసారి చెప్పాడు. వెంటనే తల్లికి ఫోను చేసి, "అమ్మా, నువ్వు చేసే పని మొదట మొదలయినది ఇక్కడేనంట. నూరేండ్లు దాటినాయంట" అన్నాడు. ఆమె జవాబు మాకందరికీ వినబడినది: "అప్పుడైనా ఒక అణాకు కట్టెలు కూడా కలిపినారా, లేక కట్టెలు వేరేనా?" రాజనీతిశాస్త్రం చదివిన మాలో ఎవరికీ ఆ ప్రశ్న తోచలేదు.

దర్శనీయ స్థలాలను గూర్చి వ్రాయకపోతే సంపాదకవర్గం వారు ఒప్పుకొనరు గనుక కొన్ని చెబుతాము. మెరీనా తీరం నిజంగానే గొప్పది, సాయంకాలం ఎంత సందడిగా ఉన్నా ఎవరి చోటు వారికి దొరుకుతుంది. ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియము 1851లో స్థాపించినది. అక్కడి అమరావతి శిల్పాల ముందు ఎంతసేపు నిలిచినా తనివి తీరలేదు. మన కృష్ణాతీరపు రాయి పరాయి ఊరిలో అతిథిగా ఉన్నదనిపించినది. ఎండలు విపరీతం.

తిరువల్లిక్కేణి మాత్రం తొందరపడి దాటే చోటు కాదు. పల్లవుల కాలం నాటి పార్థసారథి స్వామి కోవెల అక్కడే ఉన్నది, ఆర్కాటు నవాబు మహమ్మదాలీ వాలాజా కాలంలో కట్టిన పెద్ద మసీదూ ఆ చుట్టుప్రక్కలనే ఉన్నది. మసీదు బూడిదరంగు రాతి కట్టడం, ఇనుమూ, కర్రా వాడకుండా నిలబెట్టారని ప్రతీతి. దాని ఎదుట విశాలమైన ఖాళీ ప్రదేశం ఉండడం వలన నగరపు రొద కాస్త దూరంగా నిలబడుతుంది. లోపల రాతిమీద నిర్మాణ సంవత్సరాన్ని తెలిపే అక్షరాలున్నవి. అరబీ లిపిలో ప్రతి అక్షరానికీ ఒక విలువ గలదు. దైవస్మరణ మహిమను చెప్పే ఆ మాటలలోని అక్షరాలన్నింటి విలువలు కూడితే సంవత్సరం వస్తుంది. మన పూర్వకవులు కటపయాది సంఖ్యతో చేసిన పని వంటిదే. ఉర్దూ శాఖ మిత్రులు నోటుపుస్తకం తీసి కూడారు. తెలుగు శాఖవారు వెనుక నిలబడి సరిచూచారు. 1209 వచ్చినది. హిజ్రీ 1209 అనగా క్రీస్తుశకం 1794–95. ఆ కూర్పు నవాబు కొలువులోని మున్షీ రాజా మఖ్ఖన్ లాల్ ఖిరత్‌ది, అతడు హిందువు. ఇట్లాంటివి ఉపన్యాసాలలో విన్నప్పుడు మాకు ఆవులింతలు వచ్చిన మాట నిజమే. కూడిక మన చేతితో చేసినప్పుడు సరిపోయిన తీరు వేరు. రంజాను మాసంలో మైలాపూరు నుండి సూఫీదార్ సంస్థకు చెందిన హిందూ సేవకులు అక్కడికి వచ్చి ఉపవాసం విడిచేవారికి దశాబ్దాలుగా వడ్డిస్తున్నారు.

దగ్గరలోని చేపాకు మహలు 1768లో నవాబు కట్టించినది. 1855లో చివరి నవాబు మరణించగానే కంపెనీవారు ఆ పదవి గుర్తింపును నిలిపివేసి, మహలును ప్రభుత్వపరం చేసికొన్నారు. తరువాత కచ్చేరీలయినవి. 2012 జనవరిలో అందులోని ఖలస్ మహలు మంటలలో కాలిపోగా మరల బాగుచేశారు. కాలిన కట్టడాన్ని పడగొట్టకుండా నిలబెట్టుకొన్నందుకు ఆ ఊరిని మెచ్చుకొనవలెను. మా ఊరి కొండారెడ్డి బురుజు చుట్టూ గల స్థితిని తలచుకొన్నవారు ఈ మాట ఒప్పుకొంటారు.

తిరుగు ప్రయాణంలో రైలులో మా మధ్య పెద్ద వాదమే జరిగినది. ఇంత పాత కార్పొరేషనుకు 1973 నుండి 1996 వరకు ఇరవై మూడేండ్లు ఎన్నికైన కౌన్సిలు లేదు, మస్టరు రోల్సులో అక్రమాలు జరిగాయని రద్దు చేశారు. ప్రత్యేకాధికారులే నడిపారు. 2011లో చుట్టుప్రక్కల 42 స్థానిక సంస్థలను కలిపి 426 చదరపు కిలోమీటర్ల, 200 వార్డుల మహానగరం చేశారు. మరల 2016 అక్టోబరు నుండి 2022 ఫిబ్రవరి ఎన్నికల వరకు కౌన్సిలు లేకనే గడిచినది. అయినా దీపాలు వెలిగినవి, చెత్త ఎత్తారు, నీరు వచ్చినది. అట్లయితే కౌన్సిలరు ఎందుకని ఒకడు అడిగాడు. అధికారి లంచగొండి కానంత కాలం అధికారే మేలని మరొకడు. అమ్మాయిలలో ఒకామె అడ్డుపడి, "పిల్లలకు అన్నం పెట్టమన్నది ఏ అధికారి? అది సభలో తీర్మానం. అధికారికి పై నుండి ఉత్తరువు రావలె, కౌన్సిలరుకు వీధి నుండి వస్తుంది" అన్నది. ఎదుటివాడు ఊరుకొనలేదు. మరి కాలిబాట మీద పదమూడు రోజులు కూర్చున్నవారిని లేపినప్పుడు కౌన్సిలు ఉన్నదిగదా, అది ఏమి చేసినదన్నాడు. దానికి ఆమె తడుముకొనకుండా, ఉన్నది గనుకనే ఆ భవనం ముందు కూర్చున్నారు, లేకపోతే ఎవరి ముందు కూర్చునేవారు అన్నది. రేణిగుంట దాటేవరకూ ఇది తెగలేదు. అధ్యాపకులు తీర్పు చెప్పక నిద్ర నటించారు.

కమిటీ వారికి ఒక విన్నపం చేసి విరమిస్తాము. మాలో ఓటుహక్కు వచ్చినవారము పదునేడుగురము. జనన ధ్రువపత్రం కోసం వెళ్ళిన ఇద్దరు తప్ప మన కర్నూలు నగరపాలక సంస్థ కార్యాలయంలో అడుగుపెట్టినవారు లేరు. రాబోయే సంవత్సరం యాత్రకు రైలు ఖర్చు అక్కరలేదు. కౌన్సిలు సమావేశం జరిగే దినాన మమ్ము సందర్శకులుగా వెనుక వరుసలో కూర్చోనిచ్చేటట్లు ఒక ఉత్తరం వ్రాసి ఇప్పించవలెను. ఆ బడిలో వండే అమ్మను కూడా వెంట తీసుకొని పోవుటకు అనుమతి కోరుతున్నాము.